380 నుంచి 6000 వరకూ: ఒక్క వాక్యంలో కోరిన యాంటెన్నా

పోయిన నెల ఒక పాత సహోద్యోగి తాను సిద్ధం చేస్తున్న కొనుగోలు పత్రం ముసాయిదా పంపి, ఒకసారి చూసి పెట్టమన్నారు. ఇరవై పేజీల ఆ పత్రంలో యాంటెన్నా గురించి ఉన్నది ఒకే ఒక వాక్యం: "380 నుంచి 6000 మెగాహెర్ట్జ్ వరకూ పనిచేసే, వీఎస్‌డబ్ల్యూఆర్ 2కు మించని, ఐపీ67 స్థాయి గల దృఢమైన వైడ్‌బ్యాండ్ యాంటెన్నా, వాహనాలకూ భవనాల లోపలకూ ఒకే నమూనా పనికిరావాలి." వైడ్‌బ్యాండ్ అంటే విశాలమైన ఫ్రీక్వెన్సీల శ్రేణి మీద పనిచేసేది, వీఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన శక్తిలో యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత (1 అయితే ఏమీ రానట్టు), ఐపీ67 అంటే దుమ్మూ నీరూ ఆపే స్థాయి. రేడియో సెట్టుకు నాలుగు పేజీలు, దాని బ్యాటరీకి ఒక పేజీ కేటాయించారు. మైకు తీగ ఎంత పొడవుండాలో చెప్పడానికి సైతం ఒక పేరా ఉంది.

ఇది తప్పు అని వేలుపెట్టి చూపడానికి ఆ వాక్యంలో ఏమీ లేదు. అందులోని ఒక్కో అంకెనూ తమ పత్రాల్లో చూపగలిగే అమ్మకందారులు ఉన్నారు. జవాబు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది అందుకే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వైడ్‌బ్యాండ్ యాంటెన్నాను దాని అడుగు అంచున, అంటే మనకు నిజంగా అవసరమైన అతి తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర, మనం నిజంగా బిగించబోయే చోటే పెట్టి తూచాలి. మిగిలిన అంకెలు ఆ తరువాతి సంగతి. అలా తూచినప్పుడు వాహనానికీ భవనానికీ ఒకే నమూనా అన్న కోరిక చాలాసార్లు నిలవదు.

మీటరు మెచ్చుకున్న కడ్డీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి ఇప్పటికీ నాకు గుర్తుంది. 150 మెగాహెర్ట్జ్ సెట్లు తీసేసి 450 మెగాహెర్ట్జ్ సెట్లు పెడుతున్న రోజులవి. వాహనాల మీద పాత కడ్డీలు అలాగే ఉన్నాయి, పొడవు అర మీటరు. కొత్త సెట్టు తగిలించి ఎస్‌డబ్ల్యూఆర్ (వీఎస్‌డబ్ల్యూఆర్‌నే ఇలా కూడా అంటాం) చూస్తే ముల్లు పెద్దగా కదలలేదు. "మీటరు బాగానే చూపిస్తోంది కదా సార్, కడ్డీలు మార్చడం దేనికి?" అన్నాడు టెక్నీషియన్. నాకూ సబబుగానే తోచింది. వారం తిరగకుండా ఫిర్యాదులు మొదలయ్యాయి. దగ్గరలో ఉన్నంతసేపు స్పష్టంగా వినిపించే వాహనం, కొంత దూరం పోగానే మాయమైపోయేది.

కారణం తరువాత అర్థమైంది. 150 దగ్గర పావు తరంగదైర్ఘ్యం ఉన్న కడ్డీ 450 దగ్గర ముప్పావు తరంగదైర్ఘ్యం అవుతుంది. ముప్పావు కడ్డీ కూడా కేబుల్‌తో చక్కగానే పొసుగుతుంది కాబట్టి మీటరుకు ఏ అభ్యంతరమూ ఉండదు. కానీ దాని ప్రధాన కిరణం నేల వెంబడి పోవడం మాని, సుమారు 45 డిగ్రీలు పైకి లేస్తుంది. మేము అన్ని రోజులూ ఎవరూ లేని ఆకాశంతో మాట్లాడాం. శక్తి యాంటెన్నాలోకి వెళ్లిందా లేదా అన్నదొక్కటే మీటరు చెప్పింది, అది ఎటు పోయిందన్నది దాని పని కాదు.

వైడ్‌బ్యాండ్ యాంటెన్నాల కథంతా ఈ చిన్న సంఘటనలోనే ఉందని నాకు అనిపిస్తుంది. 1945లో ఆర్మిగ్ కాండోయన్ పేటెంటు పొందిన డిస్కోన్‌నే తీసుకోండి. శంఖువు మీద పళ్లెం బోర్లించినట్టుండే ఆ ఆకారం అడుగు ఫ్రీక్వెన్సీకి ఎన్నో రెట్ల దాకా కేబుల్‌తో పొసగుతూనే ఉంటుంది. అయితే పైకి పోయేకొద్దీ దాని కిరణరూపం మారుతూ వస్తుంది. కాబట్టి ఒక యాంటెన్నా 380 నుంచి 6000 వరకూ "పనిచేస్తుంది" అన్నప్పుడు, ఆ క్రియాపదానికి అర్థం ఏమిటని ముందు అడగాలి. పొసుగుతుందనా, లేక కావలసిన దిక్కుకు ప్రసరిస్తుందనా?

వీఎస్‌డబ్ల్యూఆర్ మీద మనవాళ్లకు ఉన్న భక్తి కూడా కొంచెం తగ్గాలి. ఆ విలువ 2 ఉంటే వెనక్కి వచ్చే శక్తి నూటికి 11 పాళ్లు, నష్టం సుమారు అర డెసిబెల్ (మూడు డెసిబెల్‌లు పోతే శక్తి సగమైనట్టు). 3 ఉన్నా వెనక్కి వచ్చేది నాలుగో వంతు, నష్టం ఒకటింబావు డెసిబెల్. 2 కాదు 1.5 ఉండాల్సిందేనని పట్టుబట్టి సాధించేది 0.3 డెసిబెల్ లాభం. అదే మనిషి వాహనంలో అయిదు మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబుల్ వేసి, 900 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెల్‌లకు పైగా పోగొట్టుకుంటాడు, ఆ సంగతి పట్టించుకోడు. ఇక అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా నిక్కచ్చిగా 1 చూపించే పరికరం కావాలంటే అదీ దొరుకుతుంది. డమ్మీ లోడ్ అంటారు, అందులోంచి బయటికి పోయేది వేడి మాత్రమే.

అడుగు అంచున కట్టే సుంకం

1947లో వీలర్, 1948లో చూ అనే పరిశోధకులు గణితంతో చూపించిన పరిమితి ఒకటుంది. తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చిన్నదైన యాంటెన్నాకు పరిమాణం, బ్యాండ్ వెడల్పు, సామర్థ్యం అనే మూడూ ఒకదాని జేబులోంచి ఇంకొకటి తీసుకుంటూ ఉంటాయి. చిన్నదిగా ఉండాలి, వెడల్పుగా పనిచేయాలి అని రెండూ కోరితే, మూడోదైన సామర్థ్యం వదులుకోవాల్సి వస్తుంది. ఏ తయారీదారు నైపుణ్యమూ ఈ లెక్కను దాటి పోలేదు. దాని దగ్గరిదాకా మాత్రం పోగలదు.

380 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం దాదాపు 79 సెంటీమీటర్లు, అందులో పావు భాగం 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 6000 దగ్గర మొత్తం తరంగదైర్ఘ్యమే అయిదు సెంటీమీటర్లు. ఇప్పుడు వాహనం పైకప్పు మీద పెట్టే ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు నల్లటి గుమ్మటాన్ని ఊహించుకోండి. పై అంచున దానికి చోటు పుష్కలం. అడుగు అంచున మాత్రం అది తన ఒంటితో ప్రసరించలేక, తాను కూర్చున్న ఇనుప రేకును సాయం అడుగుతుంది. ఆ రేకు యాంటెన్నాలో సగం. డేటాషీటులో గెయిన్ (ఒక దిక్కుకు శక్తిని ఎంత కూడదీసి పంపుతుందన్న లెక్క) అంకె కింద చిన్న అక్షరాల్లో ఫలానా కొలత గల లోహపు పలక మీద కొలిచామని రాసి ఉంటుంది. నేను మొదట వెదికేది ఆ చిన్న అక్షరాలనే. అవి లేని డేటాషీటు మీద నాకు నమ్మకం కుదరదు.

ఫైబర్‌గ్లాస్ పైకప్పు ఉన్న ఒక అంబులెన్స్ ఈ పాఠాన్ని నాకు బాగా ఒంటపట్టించింది. ఇనుప పైకప్పు గల కార్ల మీద ఏ లోపమూ లేకుండా పనిచేసిన నమూనానే దాని మీదా బిగించారు. దూరం సగానికి పడిపోవడం ఒక ఎత్తు, మాట్లాడటానికి పీటీటీ మీట నొక్కిన ప్రతిసారీ డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగడం ఇంకొక ఎత్తు. పైన రేకు లేకపోయేసరికి యాంటెన్నా కేబుల్ పైతొడుగునే తన రెండో సగంగా వాడుకుంది. ఆ కేబుల్ వాహనం లోపలి తీగల పక్కనుంచే పోతుంది కాబట్టి ప్రసారం వాటిలోకి దూరింది, వాటి గోల ఇటు రిసీవర్‌లోకి వచ్చింది. పైకప్పు లోపలి వైపు అల్యూమినియం రేకు అతికించి, దానికి యాంటెన్నా అడుగు భాగాన్ని గట్టిగా కలిపిన తరువాతే రెండు బాధలూ తీరాయి. ఆ రేకు వ్యాసార్థం కనీసం పావు తరంగదైర్ఘ్యం ఉండాలన్నది పాత సూత్రం. 380 దగ్గర అది 20 సెంటీమీటర్లతో సరిపోతుంది, 150 దగ్గర అర మీటరు కావాలి. ఇలా అడుగు అంచు ఎక్కడన్నదే రేకు ఎంతన్నదాన్ని కూడా తేలుస్తుంది.

గెయిన్ అంకెతో మరో చిక్కుంది. "5 డీబీఐ వరకు" అని (అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరించే ఊహా యాంటెన్నాతో పోల్చిన డెసిబెల్‌లవి) రాసినప్పుడు అది ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర, ఏదో ఒక కోణంలో దొరికిన శిఖరం. 390 దగ్గర, నేలకు సమాంతరంగా, చుట్టూ తిరిగి తీసిన సగటు ఎంత అని అడిగితే కొందరు గ్రాఫు పంపుతారు. కొందరు మౌనం వహిస్తారు. నా మటుకు ఆ మౌనం కూడా జవాబే.

బార్లా తెరిచిన తలుపు

వైడ్‌బ్యాండ్ గురించి తక్కువగా మాట్లాడుకునే విషయం ఇంకొకటుంది. ఒకే బ్యాండుకు చేసిన యాంటెన్నా రిసీవర్ ముందు కాపలా కాస్తుంది. తన బ్యాండు కాని సంకేతాలను కొంతవరకైనా బయటే ఆపుతుంది. వైడ్‌బ్యాండ్ యాంటెన్నా తలుపు బార్లా తెరిచి, వచ్చినవారినందరినీ లోపలికి పంపుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. పైకప్పు మీద 400 మెగాహెర్ట్జ్ సెట్టు 25 వాట్లతో ప్రసారం చేస్తోంది, దానికి ఒక మీటరు దూరంలో డేటా మోడెమ్ కోసం వైడ్‌బ్యాండ్ యాంటెన్నా ఉంది. ఒక మీటరు దూరంలో 400 దగ్గర జరిగే నష్టం 24 డెసిబెల్‌ల చిల్లర. 25 వాట్లంటే 44 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చిన డెసిబెల్‌లు) కనుక, గెయిన్‌లను పక్కన పెట్టినా ఆ రెండో యాంటెన్నాకు చేరేది సుమారు 20 డీబీఎం, అంటే ఒక వాటులో పదో వంతు. పికోవాట్లలో వినడానికి తయారైన రిసీవర్‌కు అది చెవి దగ్గర ఢంకా కొట్టినట్టే. మోడెమ్ యాంటెన్నా 600కు దిగువన ఏమీ వినని రకమైతే ఇందులో మంచి భాగం అక్కడే తగ్గిపోయేది. 380 నుంచి వినగలగడం ఆ మోడెమ్‌కు ఒక్క పైసా లాభం తేలేదు. పైగా మధ్యలో ఒక ఫిల్టరు కొనిపించింది.

ఇక్కడ నా వాదనకు నేనే అడ్డం పడాలి. వైడ్‌బ్యాండ్ పెట్టుకోవడానికి గట్టి కారణాలున్నాయి. పైకప్పుకు అయిదు రంధ్రాలు పొడిచే బదులు ఒక్కటి పొడిస్తే నీరు కారే చోట్లు నాలుగు తగ్గుతాయి. గుమ్మటంలో వేర్వేరు పోర్టులు ఉంటే రేడియోకు, మోడెమ్‌కు, ఉపగ్రహ స్థాననిర్ణయానికి ఒకే చోటి నుంచి కేబుళ్లు దిగుతాయి. విపత్తుల్లో పక్క విభాగాలతో మాట్లాడవలసిన అగ్నిమాపక వాహనానికి ఒకే సెట్టులో 150, 400, 800 బ్యాండ్లు మూడూ ఉంటే, ఒక్కో బ్యాండుకు ఒక్కో కడ్డీ పెట్టమని నేను చెప్పలేను. నెట్‌వర్కు రేపు బ్యాండు మార్చినా వాహనాలన్నిటినీ వెనక్కి పిలిపించే పని ఉండదు. "ఎప్పటి కడ్డీలో పట్టుకుని వేలాడుతున్నావు" అని నన్ను ఎవరైనా అంటే, అందులో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను కూడా.

అయితే ఈ కారణాలన్నీ ఫలానా బ్యాండ్లు కావాలని చెబుతున్నాయి, మధ్యలోదంతా కావాలని చెప్పడం లేదు. 380–430, 698–960, 1710–2700 అని మూడు ముక్కలుగా అడిగితే తయారీదారుకు ఆ ముక్కల మధ్య యాంటెన్నాను నిర్లక్ష్యం చేసే స్వేచ్ఛ దొరుకుతుంది, ఆ స్వేచ్ఛను మనకు కావలసిన చోట సామర్థ్యంగా మార్చుకోగలడు. "380 నుంచి 6000" అని ఏకబిగిన అడిగినవారు, ఎన్నడూ వాడని ఫ్రీక్వెన్సీల కోసం వాడేవాటి దగ్గర సుంకం కడతారు. నా సహోద్యోగిని 6000 ఎందుకని అడిగితే, "ఉంటే మంచిదే కదా అని" అన్నారు.

దృఢత్వం ఉండేది పైడొప్పలో కాదు

ఐపీ67 అన్న ముద్రకు అర్థం దుమ్ము చొరబడదని, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా హాని జరగదని. వాహనం పైకప్పు చెరువులో మునగడం అరుదు. దానికి రోజూ ఎదురయ్యేది ఒత్తిడితో కొట్టే నీటి గొట్టం. నీటిలో ముంచి చేసిన 7వ స్థాయి పరీక్షలో గెలిచిన వస్తువు, నీటిధారకు సంబంధించిన 5, 6 స్థాయిల్లో కూడా గెలిచినట్టు కాదు, అవి విడిగా చెప్పవలసిన అర్హతలని ఆ ప్రమాణమే అంటుంది. వేడినీటి అధిక పీడన ధారకు 9వ స్థాయి వేరే ఉంది. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కడం, ఉప్పుగాలికి లోహం తినుకుపోవడం, ఏళ్లతరబడి కుదుపులకు బిగింపులు వదులవడం ఈ అంకెల్లో ఎక్కడా లేవు, వాటి పరీక్షలు వేరు. దెబ్బకు తట్టుకోవడం కూడా ఐకే అన్న మరో కొలమానం చూసుకుంటుంది, అందులో ఐకే10 అంటే 20 జౌల్‌ల దెబ్బ.

నేను చూసిన చెడిపోయిన యాంటెన్నాల్లో గుమ్మటం పగిలినవి బహు కొద్ది. చాలావాటికి రోగం కేబుల్ బయటికి వచ్చే చోటో, కింది రబ్బరు వాషరు దగ్గరో, కనెక్టరు దగ్గరో మొదలైంది. మండే ఎండలో పైకప్పు కాగిపోయి ఉండగా ఉన్నట్టుండి వాన పడితే, గుమ్మటం లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడి నుంచి తడిని లోపలికి పీల్చుకుంటుంది. కేబుల్ జడలోకి, అంటే లోపలి రాగి తీగల అల్లికలోకి చేరిన నీరు వత్తిలో నూనె పాకినట్టు మీటర్ల కొద్దీ పాకుతుంది.

అలాంటి ఒక వాహనం మూడు నెలలకోసారి తనిఖీకి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఎస్‌డబ్ల్యూఆర్ కిందటిసారి కంటే మెరుగ్గా ఉందని రిజిస్టరులో రాసి ఉంది: 1.8, 1.5, 1.3. డ్రైవరు మాత్రం ప్రతిసారీ ఎవరికీ వినిపించడం లేదని మొరపెట్టుకునేవాడు. కేబుల్ తడిసేకొద్దీ పోయే శక్తి పోతూ, తిరిగి వచ్చే శక్తి కూడా దారిలోనే ఇంకిపోయి, మీటరు దాకా చేరింది తక్కువ. రోగం ముదిరినకొద్దీ నాడి చక్కబడినట్టు కనిపించింది. కేబుల్ చివర కత్తిరిస్తే రాగి జడ ఆకుపచ్చగా మారిపోయి ఉంది. అప్పటి నుంచి నేను దృఢత్వం గురించి అడిగే మొదటి ప్రశ్న, కేబుల్ విడిగా మార్చుకోవచ్చా లేదా అన్నది. గుమ్మటంలోనే కేబుల్‌ను పోతపోసి ఇచ్చేవాటికి సీలు మంచిదని వాదన ఉంది, అది నిజమే. కానీ తలుపు సందులో కేబుల్ నలిగిన రోజున యాంటెన్నా మొత్తం పారేయాలి. ఈ రెంటిలో ఏది మేలో నేను ఇప్పటికీ ఖాయంగా తేల్చుకోలేదు.

అదే గుమ్మటం భవనంలోకి వస్తే

వాహనానికీ భవనానికీ ఒకే నమూనా అన్న కోరిక నిల్వసరుకు లెక్కలు చూసేవారికి ఇంపుగా ఉంటుంది. కానీ రెండు చోట్లా అవసరాలు తలకిందులు. వాహనం మీద యాంటెన్నా దూరాన ఉన్న టవరు కోసం నేల వెంబడి చూడాలి. భవనంలో సీలింగ్‌కు తగిలించిన యాంటెన్నా తన కింద నడిచే మనుషులను చూడాలి. వాహనం గుమ్మటం తన కింద రేకు కావాలంటుంది. భవనంలో ఫాల్స్ సీలింగ్ జిప్సం పలకలైతే ఆ రేకే ఉండదు, ఇనుప పలకలైతే అది ఉండకూడని చోట ఉంటుంది. అందం చెడుతుందని యాంటెన్నాలను ఇనుప పలకల పైభాగాన దాచిపెట్టిన భవనం ఒకటి చూశాను. పనులు పూర్తయ్యాయన్న ధ్రువపత్రం ఉంది, మెట్లదారిలో మాత్రం ఒక్క అక్షరం వినిపించలేదు.

భవనంలో గెయిన్ వెంట పడటం కూడా వృథా. అక్కడ శత్రువు గోడలు, లిఫ్టు గుంతలు, వేడిని ఆపడానికి లోహపు పూత పూసిన అద్దాలు. ఆ పూత ఒక్కటే 20 డెసిబెల్‌లకు పైగా మింగగలదు. 2 డీబీఐ యాంటెన్నా బదులు 5 డీబీఐ పెడితే దొరికే మూడు డెసిబెల్‌లు వీటి ముందు లెక్కలోకి రావు. తక్కువ శక్తితో పనిచేసే చిన్న యాంటెన్నాలు ఎక్కువ చోట్ల పెట్టడమే మార్గం. అప్పుడు ఒక్కో యాంటెన్నా అడుగు అంచున ఒక డెసిబెల్ తక్కువైనా పంపిణీ లెక్కలో సర్దుకోవచ్చు. భవనంలో వైడ్‌బ్యాండ్ పట్ల నేను ఉదారంగా ఉండేది అందుకే. గుమ్మటం పరిమాణానికి కూడా అక్కడ అంత కరువుండదు.

బదులుగా అక్కడ కొత్త పీడ ఒకటి ఎదురవుతుంది. రెండు బలమైన సంకేతాలు ఒక వదులు బిగింపు దగ్గరో, తుప్పు పట్టిన మర దగ్గరో కలిసి మూడో సంకేతాన్ని పుట్టిస్తాయి, అది నేరుగా రిసీవర్ బ్యాండులో పడుతుంది. ఓడల మీద రేడియోవారు దీన్ని తుప్పు మర ప్రభావమని ఎప్పటి నుంచో ఎరుగుదురు, సెల్యులర్ వాళ్లు పిమ్ (పాసివ్ ఇంటర్‌మాడ్యులేషన్) అంటారు. యాంటెన్నా మీద మైనస్ 153 డీబీసీ (పంపిన సంకేతంతో పోల్చిన డెసిబెల్‌లు) అని రాసి ఉంటే, 20 వాట్ల చొప్పున రెండు క్యారియర్లు పంపినప్పుడు పుట్టే దొంగ సంకేతం మైనస్ 110 డీబీఎం అన్నమాట. ఇది మంచి అంకె, కానీ యాంటెన్నాది మాత్రమే. అంగుళం దూరంలో తుప్పు పట్టిన సీలింగ్ చట్రం ఉంటే యాంటెన్నా ఎంత శుద్ధమైనదైనా ఆ చట్రం ఊరుకోదు. వాహనాల గుమ్మటాలకు చాలావరకు ఈ అంకెనే ప్రకటించరు. ఒకే నమూనా అన్న వాక్యం తడబడే చోట్లలో ఇదొకటి. ఐపీ67 మాత్రం కార్యాలయపు సీలింగ్‌లో దండగ ఖర్చు, సొరంగంలోనో, నీరు ఊరే బేస్‌మెంటులోనో అయితే అవసరం.

చివరికి పంపిన జవాబు

సహోద్యోగికి ఆ ఒక్క వాక్యాన్ని రెండు చేసి పంపాను, ఒకటి వాహనానికి, ఇంకొకటి భవనానికి. వాహనం వైపు బ్యాండ్లను ముక్కలుగా రాసి, అడుగు బ్యాండులో నేలకు సమాంతరంగా సగటు గెయిన్ ఎంతో, ఎంత పలక మీద కొలిచారో తెలపాలని చేర్చాను. కేబుల్ రకం, పొడవు కూడా కొనుగోలులో భాగమే కావాలన్నాను. అన్నిటికంటే ముఖ్యంగా, కొనేముందు ఒక నమూనాను వాళ్ల సొంత వాహనం మీద బిగించి, అదే చోట పెట్టిన మామూలు పావు తరంగ కడ్డీతో పోల్చి చూడాలని రాశాను. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. దూరాన స్థిరంగా ఒక చిన్న ట్రాన్స్‌మిటరు, సంకేత బలం చూపే ఒక సెట్టు, వాహనాన్ని నెమ్మదిగా గుండ్రంగా తిప్పడానికి ఖాళీ స్థలం, ఒక పూట సమయం చాలు.

ఆయన ఒప్పుకున్నది సగమే. పత్రం పై అధికారుల దాకా పోయింది కాబట్టి 6000 అన్న అంకె ఇక మారదట. పోలిక పరీక్షకు మాత్రం సరేనన్నారు. మొన్న మొదటి నమూనా వచ్చింది, 390 దగ్గర మామూలు కడ్డీ కంటే మూడు డెసిబెల్‌లు తక్కువ, 800 దగ్గర దానికి దీటుగా ఉంది. ఆ మూడు డెసిబెల్‌లు వాళ్ల సేవాప్రాంతం అంచుల్లో సరిపోతాయా లేదా అని ఇప్పుడు కవరేజ్ మ్యాపు ముందేసుకుని కూర్చున్నారు.